గుడ్డు పెట్టిన ఆకే దాని ఊరు

2018 అక్టోబరు 11 తెల్లవారుజామున పలాస దగ్గర తీరం దాటిన తుపాను పేరు తిత్లీ. ఆ పేరును సూచించిన దేశం పాకిస్తాన్. హిందీలోనూ ఉర్దూలోనూ ఆ మాటకు సీతాకోకచిలుక అని అర్థం. గంటకు 140 నుంచి 150 కిలోమీటర్ల వేగంతో వీచి, ఉద్దానంలో కొబ్బరి, జీడి, పనస చెట్లను వేళ్ళతో సహా పెకలించిన ఆ గాలికి అంత సుకుమారమైన పేరేమిటని మా వైపు చాలాకాలం చెప్పుకున్నారు. మందస మండలంలోని మా అక్కగారి జీడితోటలో ఆ రాత్రి పడిపోయిన చెట్లను మేము లెక్కపెట్టలేదు. నిలబడిన వాటిని లెక్కపెట్టాము, అదే సులువైన పని కాబట్టి.

నేను పాఠశాలలో జీవశాస్త్రం చెబుతాను. సీతాకోకచిలుక జీవితచక్రాన్ని నల్లబల్ల మీద ఇరవై ఏళ్ళుగా గీస్తున్నవాడినే అయినా, వాటిని నిజంగా చూడడం మొదలుపెట్టింది మాత్రం ఆ తుపాను తర్వాతే. అంతకుముందు తోట నేల ఎప్పుడూ ఊడ్చినట్టు ఉండేది. జీడిపిక్కలు రాలే కాలానికి ముందే చెట్ల కింది పిచ్చిమొక్కలు కొట్టించకపోతే రాలిన పిక్క కంటికి కనిపించదు. చెట్లు పోయాక ఏరవలసిన పిక్కలే లేవు, కొట్టించడానికి బావ చేతిలో డబ్బూ లేదు. అన్నాళ్ళూ జీడి నీడలో అణగి ఉన్న నేల మీద ఒక్కసారిగా ఎండ పడేసరికి, మరుసటి వర్షాకాలానికి ఆ తోటలో తంటెం, ఆముదం, తెల్లజుమికి తీగ, కంచె పొడవునా ఈశ్వరి తీగ, నేను పేరు పోల్చుకోలేని మరో పాతిక మొక్కలు మోకాటి ఎత్తున లేచాయి. వాటి వెంటే, అంతవరకు ఆ తోటలో నా కంటపడని సీతాకోకచిలుకలూ వచ్చాయి. తెల్లజుమికి మీద నారింజరంగు టానీ కోస్టర్, ఆముదం మీద కామన్ కాస్టర్, తంటెం మీద పసుపుపచ్చని గ్రాస్ ఎల్లో. పువ్వుల కోసం వచ్చాయేమో అనుకున్నాను. అయితే తంటెం అప్పటికి ఇంకా పూయలేదు. అవి వచ్చింది ఆకుల కోసం.

ఒక అడవిలో ఎన్ని జాతుల సీతాకోకచిలుకలు ఉంటాయన్న ప్రశ్నకు పూల సంఖ్య సరైన జవాబు ఇవ్వదు. లద్దెపురుగు తినగల ఆకు ఎన్ని రకాలుగా ఉన్నదన్నదే అసలు లెక్క. పెద్ద సీతాకోకచిలుకకు ఏ పువ్వు తేనె అయినా ఇంచుమించు చెల్లుతుంది. దాని బిడ్డకు మాత్రం చెల్లదు. తల్లి ఒక్కో ఆకు మీద వాలి, ముందుకాళ్ళతో తట్టి, ఆ కాళ్ళకున్న రుచి గ్రాహకాలతో ఆకును పరీక్షించి, తన జాతికి సరిపడేది అని తేలితేనే గుడ్డు పెడుతుంది. నడిచి మరో చెట్టు వెతుక్కునే శక్తి గుడ్డులోంచి వచ్చే పురుగుకు లేదు. ఆకును ఎంచడంలో తల్లి తప్పు చేస్తే అది ఆకలితో చస్తుంది.

మొక్కలు కూడా తినిపించుకుంటూ ఊరుకోవు. జిల్లేడు పాలలో గుండెను దెబ్బతీసే విషం, ఈశ్వరిలో అరిస్టొలోకిక్ ఆమ్లం, నిమ్మజాతిలో ఘాటైన తైలాలు, ఇలా ప్రతి కుటుంబమూ తన రక్షణను తాను తయారు చేసుకుంది. ఏ విషాన్ని ఏ పురుగు తట్టుకోవడం నేర్చుకుంటే ఆ మొక్క దాని సొంతమవుతుంది. పాల్ ఎర్లిక్, పీటర్ రేవన్ అనే ఇద్దరు శాస్త్రజ్ఞులు 1964లో ప్రచురించిన పత్రంలో ప్రధానంగా చెప్పినది ఇదే: మొక్కలు కొత్త రక్షణను, సీతాకోకచిలుకలు దాన్ని దాటే కొత్త ఉపాయాన్ని ఒకదాన్ని చూసి ఒకటి సంపాదించుకుంటూ పోవడం వల్ల రెండు వైపులా జాతులు పెరిగాయని. ఏడాది పొడవునా వెచ్చగా ఉండి, కొద్ది దూరంలోనే వందల రకాల చెట్లు, తీగలు పెరిగే ఉష్ణమండల అడవుల్లో ఈ పోటీ ఎక్కువ పాయలుగా చీలింది. ప్రపంచంలో సీతాకోకచిలుకలు 18 వేల జాతులకు పైగా ఉన్నాయని అంచనా. ఒక్క కొలంబియా దేశంలోనే 3,600కు పైగా నమోదయ్యాయి. బ్రిటన్‌లో 59. మన దేశంలో 1,300కు పైగా ఉంటే, వాటిలో 330కి పైగా పడమటి కనుమల్లో ఉన్నాయి. మా తూర్పు కనుమలకు అంత వాన లేదు. వేసవిలో ఆకు రాల్చే అడవులే ఎక్కువ. అయినా ఒడిశా వైపు నుంచి గుగ్గిలం చెట్లు దక్షిణాన వచ్చి ఆగిపోయే హద్దు ఈ ప్రాంతమే కావడం, 1,501 మీటర్ల మహేంద్రగిరి పక్కనే ఉండడం, కొండ వాలులో గెడ్డలు, అంటే చిన్న వాగులు, వేసవిలోనూ తడిగా ఉండడం వల్ల ఇక్కడి ఆకుల జాబితా చిన్నదేమీ కాదు.

జీడి ఆకు తినే సీతాకోకచిలుక ఒకటున్నదని తెలిసినప్పుడు ఉద్దానం మనిషిగా నాకు కలిగిన ఆనందాన్ని దాచుకోలేను. దాని పేరు కామన్ బ్యారన్. మామిడి ఆకు కూడా తింటుంది. దాని లద్దెపురుగు పచ్చగా, వీపు మీద నిలువునా ఒక పసుపు గీతతో, రెండు పక్కలా ఈకల్లాంటి ముళ్ళతో ఉంటుంది. అది ఆకు మధ్య ఈనె మీద సరిగ్గా ఈనెకు సమంగా పడుకుంటే, పసుపు గీత ఈనెతో కలిసిపోతుంది, పక్కనున్న ముళ్ళు ఆకుకు అతుక్కుని నీడ పడకుండా చేస్తాయి. నా వేలు దాన్నుంచి రెండంగుళాల దూరంలో ఉండగా కూడా నేను దాన్ని చూడలేదు. పక్కన నిలబడిన ఏడో తరగతి పిల్ల చూసింది. తిత్లీ తర్వాత తోటలో జీడిచెట్లు తగ్గినా, గట్టున రెండు మామిడిచెట్లు మిగలడం వల్ల బ్యారన్ ఆ తోటను పూర్తిగా విడిచిపెట్టలేదు.

మా పెరట్లోని కరివేపాకు చెట్టు కథ ఇంకా చిక్కనైనది. దాని మీద రెండు జాతుల సీతాకోకచిలుకలు గుడ్లు పెడతాయి: లైమ్, కామన్ మార్మన్. రెండింటి పురుగులూ చిన్నతనంలో పిట్టరెట్టలా ఉండి, పెద్దయ్యాక ఆకుపచ్చగా మారతాయి. ముట్టుకుంటే నెత్తి వెనక నుంచి రెండు పాయల కొమ్ములాంటి అవయవం బయటపెట్టి ఘాటైన వాసన వదులుతాయి. మా అమ్మ ఈ పురుగులను చీపురు పుల్లతో తీసి అవతల పారేసేది. ఇప్పుడు పులుసులోకి కావలసిన రెబ్బలు కోసుకుని మిగతా చెట్టును వాటికి వదిలేస్తున్నది, అదీ నా పోరు పడలేక.

కామన్ మార్మన్‌లో మగది నల్లగా, వెనక రెక్కల మీద తెల్లని చుక్కల వరుసతో ఉంటుంది. ఆడవాటిలో మూడు రూపాలున్నాయి. ఒకటి మగదానిలాగే ఉంటుంది. రెండోది కామన్ రోజ్ అనే మరో జాతి సీతాకోకచిలుకలా, మూడోది క్రిమ్సన్ రోజ్ అనే ఇంకో జాతిలా ఉంటాయి. ఆ రోజ్‌లు రెండూ ఈశ్వరి తీగ తిని పెరిగి, దాని విషాన్ని ఒంట్లో దాచుకుంటాయి కాబట్టి ఒకసారి రుచి చూసిన పక్షి మళ్ళీ వాటి జోలికి పోదు. కరివేపాకు తిని పెరిగిన మార్మన్‌కు ఆ విషం లేదు, వేషం మాత్రమే ఉన్నది. విషం లేనిది విషమున్నదాని వేషం వేసి బతికే ఈ పద్ధతిని మొదట వివరించినవాడు హెన్రీ వాల్టర్ బేట్స్. 1848 నుంచి 11 ఏళ్ళు అమెజాన్ అడవుల్లో తిరిగి, 1862లో ఆ పత్రాన్ని ప్రచురించాడు. మార్మన్ ఆడదానికి ఏ వేషం రావాలో నిర్ణయించేది డబుల్‌సెక్స్ అనే ఒకే ఒక జన్యువని 2014లో తేలింది. కాబట్టి మా కంచె మీది ఈశ్వరి తీగను కొట్టేస్తే పోయేది రోజ్‌లు మాత్రమే అనుకోవడం పొరపాటు. అసలుది కనబడని చోట పక్షులకు భయం నేర్పేవారు ఉండరు, అక్కడ మార్మన్ వేషానికి విలువ తగ్గిపోతుంది.

ఇక్కడ ఒక మాట పక్కకు వెళ్ళి చెప్పక తప్పదు. ఈశ్వరి వేరును మా వైపు పాముకాటుకనీ, కడుపునొప్పికనీ నూరి తాగించే అలవాటు ఉంది. అందులోని అరిస్టొలోకిక్ ఆమ్లం మనిషి మూత్రపిండాలను చెడగొడుతుంది, క్యాన్సర్‌కూ కారణమవుతుంది. బాల్కన్ దేశాల్లో గోధుమ చేలలో ఇదే కుటుంబపు కలుపుమొక్క గింజలు పిండిలో కలవడం వల్ల తరతరాలుగా మూత్రపిండాల జబ్బు వచ్చింది. ఉద్దానంలోని మూత్రపిండాల జబ్బుకు నేను దీన్ని ముడిపెట్టడం లేదు, అలా ఎవరూ ముడిపెట్టుకోవద్దు కూడా. తీగను సీతాకోకచిలుకలకు వదిలేయండి, నోట పెట్టుకోకండి అని మాత్రం చెబుతున్నాను.

అడవిలో అంతస్తుల సంగతి తోటలో తెలియదు. ఎడతెరిపి లేని వానలు పడే దట్టమైన అడవుల్లో చెట్ల తలలు 30, 40 మీటర్ల ఎత్తున కలిసిపోయి, ఎండలో నూటికి రెండు వంతులకు మించి నేల మీదికి రాదు. పైన ఎండ, గాలి, పొడి. కింద చీకటి, తేమ, నిశ్శబ్దం. ఈక్వెడార్ అడవుల్లో మగ్గిన అరటిపండు ఎరగా పెట్టిన వలలను చెట్ల తలల దగ్గర కొన్ని, నేలకు దగ్గరగా కొన్ని వేలాడదీసి చూసినప్పుడు పైన దొరికిన జాతులకూ కింద దొరికిన జాతులకూ చాలా తేడా కనిపించింది. ఒకే చోట నిలబడి తల ఎత్తితే ఒక ఊరు, దించితే మరో ఊరు అన్నమాట. మా కొండల్లో అంత ఎత్తు అడవి లేదు కాని, అదే తేడా ఇక్కడ అడ్డంగా పరుచుకుని ఉంటుంది: గెడ్డ ఒడ్డు, గెడ్డ పక్క నీడ, పోడు కొట్టి వదిలేసిన దిబ్బ, అడవి అంచు, శిఖరం మీది గడ్డి. సీతంపేట నుంచి కొండెక్కే దారిలో అరగంట నడిస్తే ఈ అయిదూ దాటుతాము. ఎండను ఇష్టపడే పాన్సీ జాతి సీతాకోకచిలుకలు పోడు దిబ్బ మీద రెక్కలు పరుచుకుని కూర్చుంటే, నలభై అడుగులు దిగి గెడ్డ నీడలోకి వెళ్ళగానే అవి మాయమై, ఎండుటాకు రంగులోని బ్రౌన్ జాతులు కాళ్ళ కింద నుంచి లేస్తాయి.

ఆ గెడ్డ దగ్గరే నాకు తోడుగా వచ్చిన సవర పెద్దాయన, తడి ఇసుక మీద గుంపుగా కూర్చున్న జే జాతి సీతాకోకచిలుకలను చూపించి, “పువ్వుల్లొగ్గేసి ఈ బురదలో ఏటి తాగుతున్నాయి బాబూ?” అని అడిగాడు. అవి తాగుతున్నది నీరే అయినా వెతికేది ఉప్పు. ఆకులో గాని, తేనెలో గాని సోడియం చాలా తక్కువ. అందుచేత మగవి తడి ఇసుక నుంచి, పశువుల మూత్రం నుంచి, పేడ నుంచి ఉప్పును పీల్చుకుని, జతకట్టేటప్పుడు దాన్ని ఆడదానికి అందిస్తాయి. అది గుడ్లకు చేరుతుంది. “అంటే మగోడు అత్తోరింటికి ఉప్పు మూట పట్టుకెళ్తన్నట్టు” అని ఆయన నవ్వాడు. తరగతి గదిలో నేను ఇప్పుడు ఆ మాటే వాడుతున్నాను.

చింత ఆకు తిని పెరిగే బ్లాక్ రాజా అయితే పెద్దయ్యాక పువ్వు ముఖమే చూడదు. చెట్టు బెరడు నుంచి కారే రసం, చచ్చిన పీత, పేడ, మగ్గిన పండు దాని ఆహారం. జూన్‌లో పనసపండు రాలి పగిలి పులిసిన చోట అరగంట కూర్చుంటే, పువ్వుల దగ్గర ఏడాదంతా తిరిగినా కనబడనివి కనబడతాయి. రాలిన జీడిపండ్ల దగ్గర బ్యారన్‌లు కూడా అంతే. సీతాకోకచిలుక అంటే పువ్వు మీది చిత్రమే గుర్తుకురావడం మన క్యాలెండర్ల తప్పు కావచ్చు.

పేర్ల గురించి కూడా చెప్పాలి. తెలుగులో ఒక్కో జాతికీ ఊరూరా స్థిరపడిన పేర్లు లేకపోవడం వల్ల ఇంగ్లిషు పేర్లతోనే నడుస్తున్నాము. భారతదేశంలో పనిచేసిన బ్రిటిష్ సైనికాధికారులు చాలామంది వీటిని సేకరించేవారు. అందుకేనేమో రాజా, నవాబ్, బ్యారన్, కమాండర్, సార్జెంట్, సెయిలర్ అంటూ దర్బారూ పటాలమూ రెక్కలు కట్టుకుని ఎగురుతున్నట్టుంటుంది. వాటి మధ్య ఒక ఊరట ఉంది. బ్లూ టైగర్ ప్రజాతికి 1880లో ఫ్రెడరిక్ మూర్ పెట్టిన శాస్త్రీయ నామం తిరుమల. ఈ తిరుమలను చూడడానికి కొండెక్కనక్కరలేదు. పార్వతీపురం నుంచి బొబ్బిలి వైపు వచ్చే దారిలో జనుము చేల దగ్గర మగ బ్లూ టైగర్లు ఎండిపోతున్న ఆకులను, కాయలను అంటిపెట్టుకుని ఉండడం చూశాను. అవి తేనె తాగడం లేదు. జనుములోని ఒక రకం ఆల్కలాయిడ్‌ను పీల్చుకుని, దానితో ఆడవాటిని ఆకర్షించే వాసనను తయారు చేసుకుంటాయి. రైతుకు నారగా, పచ్చిరొట్టగా అక్కరకొచ్చే పంట వీటికి అత్తరు కొట్టు.

ఆకు తినని లద్దెపురుగులూ ఉన్నాయి. ఏప్‌ఫ్లై అనే చిన్న సీతాకోకచిలుక పురుగు పిండినల్లిని తిని బతుకుతుంది. మందార మీద, బొప్పాయి మీద తెల్లగా పట్టిన పిండినల్లిలో తనూ తెల్లని పొడి పూసుకుని కలిసిపోతుంది. దాని ప్యూపా అచ్చం కోతి ముఖంలా ఉంటుంది. నేనిది రెండుసార్లు మాత్రమే చూశాను, రెండుసార్లూ మందు కొట్టని పెరట్లోనే. మద్దిచెట్టు మీద సెంటార్ ఓక్‌బ్లూ పురుగు తన వీపు నుంచి తీయని రసం ఇచ్చి, ఆకులు కుట్టి గూడు కట్టే ఎర్రచీమలను కాపలా పెట్టుకుంటుంది. అదే చీమల గూట్లోకి దూరి వాటి పిల్లలను తినే మాత్ బటర్‌ఫ్లై అనే జాతి కూడా ఉన్నది. దాని పురుగు వీపు గట్టి డిప్పలా ఉండి చీమ కాటు దిగదు.

కాలం విషయానికి వస్తే, మా జిల్లాల్లో వానలు వెనకబట్టిన తర్వాత, అంటే సెప్టెంబరు నుంచి నవంబరు చివరి దాకా చూడడానికి మంచి రోజులు. వరి గడ్డి మీద, అడవి గడ్డి మీద పెరిగే ఈవెనింగ్ బ్రౌన్ వానాకాలంలో రెక్కల అడుగున కళ్ళలాంటి గుండ్రని మచ్చలతో పుడుతుంది. ఎండాకాలంలో పుట్టినదానికి ఆ కళ్ళు ఉండవు, అచ్చం రాలిన ఆకే. జాతి ఒకటే. పచ్చటి కాలంలో పక్షి పొడుపును కంటిమచ్చ వైపు మళ్ళించడం లాభమైతే, నేలంతా ఎండుటాకులున్న కాలంలో కనబడకపోవడమే లాభం.

ఇదంతా తెలిశాక కొన్ని పనులు చూస్తే మనసు చివుక్కుమంటుంది. ఊరు పేరు చెప్పను, మా వైపు పట్టణంలోని ఒక ఉద్యానంలో సీతాకోకచిలుకల కోసమని ఇనుప రెక్కల బొమ్మలు నిలబెట్టి, రంగురంగుల పూలమొక్కలు తెచ్చి నాటారు. మూలనున్న ఈశ్వరి తీగను, జిల్లేడు పొదను కలుపని పీకించారు. ఆ పూల మీద సీతాకోకచిలుకలు వాలడం నిజమే. అవి పుట్టినది మాత్రం గోడ అవతలి బంజరులో. లాంటానా కంప సంగతీ ఇలాంటిదే. దాని పువ్వు మీద ఎప్పుడూ సందడిగా ఉంటుంది కాబట్టి మేలు చేస్తున్నదని అనుకుంటారు. అది కమ్ముకున్న వాలులో గుడ్డు పెట్టదగిన మొక్కలకు చోటు మిగలదు. జామాయిల్ తోటలో నేను ఒక పూటంతా తిరిగి చూసినవి దారి దాటుతున్న రెండు ఎమిగ్రెంట్ సీతాకోకచిలుకలు. కొండ మీద నరమామిడి పరిస్థితి వేరు: అగరుబత్తీల జిగురు కోసం దాని బెరడును చుట్టూ ఒలిచేస్తే చెట్టు నిలువునా ఎండుతుంది, ఆ ఆకు మీద పెరిగే కామన్ మైమ్ అనే సీతాకోకచిలుకకు ఒక చిరునామా తగ్గుతుంది. బెరడు అమ్ముకునేవాడికి ఆ పూట కూడు అదే కాబట్టి, అతన్ని తప్పుపట్టి రాయడం నాకు చేతకాదు.

నా సొంత ఇంటి తగాదా కూడా ఇలాంటిదే. తోట గట్టున మిగిలిన రెండు మామిడిచెట్లలో ఒకదానికి బదనిక పట్టింది. చిన్న పిట్ట బదనిక పండు తిని, జిగురు గింజను కొమ్మకు రాసి పోతే, అది అక్కడే వేరు దించి మామిడి రసం పీల్చుకుని బతుకుతుంది. పట్టిన కొమ్మ కాపు తగ్గి క్రమంగా ఎండిపోతుంది. బదనికను కొమ్మతో సహా కొట్టేయాలన్నది రైతు శాస్త్రం, అందులో తప్పు లేదు. కాని రెక్కల అడుగున పసుపూ ఎరుపూ అద్దుకున్న కామన్ జెజబెల్ తన గుడ్లను పెట్టేది బదనిక ఆకు అడుగునే. “తిత్లీ ఎలాగూ సగం తోట తినీసింది, మిగిలిన కొమ్మ నీ తిత్లీలకా మేష్టారూ?” అని బావ ఎత్తిపొడిచాడు. వాదించడానికి నా దగ్గర లెక్కలేమీ లేవు. మూడు కొమ్మలు కొట్టించి, కాపు తక్కువగా ఉన్న నాలుగో కొమ్మను నా పేరు మీద వదిలాడు. దాని మీద కాయవలసిన కాయల ఖరీదు ఏటా నేను అక్కకు ఇవ్వాలన్నది ఒప్పందం.

కిందటి ఆదివారం నిచ్చెన వేసుకుని ఆ కొమ్మ చూశాను. ఒక ఆకు అడుగున పాతిక దాకా పసుపు గుడ్లు, గింజలు పేర్చినట్టు వరుసలుగా ఉన్నాయి. ఆ పైనున్న ఆకును అప్పటికే ఒక లద్దెపురుగుల గుంపు సగం తినేసి, ఒకదాని పక్కన ఒకటి ఒరుసుకుని పడుకుని ఉన్నది. కింద నిచ్చెన పట్టుకున్న బావ “ఎన్నున్నాయి?” అని అడిగాడు. చెప్పాను. “అయితే కాయలకంటే ఎక్కువే” అన్నాడు.